పెట్టె మీది గ్రాములు, రోడ్డు మీది పల్లేరుకాయలు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు కుదించి చెప్పుకుందాం. కావలిలో సెకండ్ హ్యాండ్ అల్యూమినియం రోడ్ బైక్ కొన్నావు. రిమ్ బ్రేకులు. దాంతో వచ్చిన 700×25 (25 మి.మీ. వెడల్పు) వైర్ టైర్లు, అంటే అంచులో ఉక్కు తీగ ఉన్నవి, కాటా మీద పెడితే ఒక్కోటి 380 గ్రాములు తూగాయి. నీ బరువు 78 కిలోలు. వారంలో నాలుగు రోజులు హైవే మీద తొక్కుతావు, ఆదివారం తుమ్మలపెంట బీచికో మైపాడుకో పోతావు. చెన్నైలో 200 కి.మీ. బ్రెవె (ఇచ్చిన టైములో పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడు) చేయాలని ఉంది. షాపాయన గ్రాండ్ ప్రీ 5000 టైరు తప్ప ఇంకోటి వద్దన్నాడు, ఫ్రెండు గేటర్‌స్కిన్ అన్నాడు, ఇంకొకాయన మారథాన్ ప్లస్ వేస్తే పంచరు మాటే ఉండదన్నాడు. చేతిలో ఆరు వేలు ఉన్నాయి. "టైరు బరువు తగ్గితే నిజంగా ఎంత తేడా వస్తుందన్నా?" అని చివర్లో అడిగావు.

ఆ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. టైర్ల దగ్గర జనం డబ్బులు పోగొట్టుకునేది అక్కడే. నేనూ పోగొట్టుకున్నాను.

నువ్వు 78 కిలోలు, సైకిలు ఓ 11, నీళ్ళ సీసాలు, పంపు, ఫోను అన్నీ కలిపి ఇంకో 2. మొత్తం 91 కిలోలు. 380 గ్రాముల టైర్లు తీసి 260 గ్రాములవి వేస్తే జతకి 240 గ్రాములు తగ్గుతాయి. 91 కిలోల మీద 240 గ్రాములంటే పావు శాతం, అంతే. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ రోడ్డు ఎక్కుతున్నావనుకో. గంటసేపు ఆగకుండా ఎక్కితే ఈ 240 గ్రాముల వల్ల మిగిలేది తొమ్మిది, పది సెకన్లు. అదీ ఘాట్ కాబట్టి. మన కావలి, నెల్లూరు మధ్య ఎక్కడానికి ఫ్లైఓవర్లు తప్ప ఏముంది? మూడు పావులు నీళ్ళు పట్టే సీసా నిండుగా ఉంటేనే 750 గ్రాములు. ఆ సీసా ఇంట్లో వదిలేసి వెళ్తే టైర్లు మార్చిన దానికి మూడింతల బరువు తగ్గుతుంది. మే నెలలో ఆ పని చేయకు గానీ, లెక్క మాత్రం అదే.

"చక్రం అంచున ఉన్న బరువు రెండింతలు అన్నా" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అబద్ధం కాదు. అంచున ఉన్న గ్రాము ముందుకూ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి, అందుకని వేగం పుంజుకునేటప్పుడు దానికి రెండింతల శక్తి కావాలి. కానీ అది వేగం పుంజుకునే ఆ కాసేపే. ఒకసారి గంటకు 28 కి.మీ. వేగం అందుకుని అలాగే పోతున్నప్పుడు ఆ లెక్క ఉండదు. నువ్వు చేసేది రేసు కాదు, ప్రతి మలుపు దగ్గరా ఆగి స్ప్రింట్ కొట్టేది లేదు.

తేడా తెచ్చేది బరువు కాదు, టైరు నలిగే తీరు. రోడ్డుకు ఆనిన ప్రతిసారీ టైరు కొంచెం చదునవుతుంది, పైకి లేచినప్పుడు మళ్ళీ గుండ్రంగా అవుతుంది. ఈ నలగడంలో రబ్బరూ లోపలి నూలు పొరలూ వేడెక్కి నీ కాళ్ళ శక్తిని తినేస్తాయి. చపాతీ పిండి గట్టిగా ఉంటే పిసికేటప్పుడు చెయ్యి నొప్పెడుతుంది, మెత్తగా ఉంటే ఇట్టే కలుస్తుంది. టైరు ఒళ్ళు కూడా అంతే. పలచటి మెత్తటి ఒళ్ళున్న టైరు సులువుగా దొర్లుతుంది. అలాంటి టైరు సహజంగానే తేలిగ్గా ఉంటుంది కాబట్టి జనం ఆ వేగమంతా తక్కువ బరువు ఇచ్చిందే అనుకుంటారు.

ఇదీ అంకెల్లో చూద్దాం. మంచి రేసు టైరుకు దొర్లుడు నిరోధం (మోసే బరువులో ఎంత భాగం దొర్లడానికి అడ్డుపడుతుందో చెప్పే అంకె) 0.004 దగ్గర, ముతక టైరుకు 0.006 దగ్గర ఉందనుకో. 91 కిలోలు, గంటకు 28 కి.మీ. వేగం. మొదటిదానికి దాదాపు 28 వాట్లు, రెండోదానికి 42 వాట్లు ఖర్చవుతాయి. 14 వాట్ల తేడా. ఆ వేగంలో నువ్వు మొత్తం పెట్టేదే 140 ప్రాంతం, ఎక్కువ భాగం గాలికి పోతుంది. ఆ 14 మిగిలితే 28 దగ్గర తొక్కేవాడివి 29 దగ్గర తొక్కుతావు. 200 కిలోమీటర్లకు పావుగంట మిగులుతుంది. ఇది ఘాట్ రోడ్డు మీది పది సెకన్ల లాంటిది కాదు, నిజమైన తేడానే.

కానీ ఆ పావుగంటని ఒక్క పంచరు తినేస్తుంది. రోడ్డు పక్కన సైకిల్ తిరగేసి, చక్రం ఊడదీసి, టైరు లోపల ముల్లు వెతికి, కొత్త ట్యూబు వేసి, చిన్న పంపుతో గాలి కొట్టేసరికి అలవాటున్నవాడికే పది, పదిహేను నిమిషాలు. ఎండలో, లారీల పక్కన అయితే ఇంకా ఎక్కువ. మొదటిసారైతే అరగంట. బ్రెవెలో 200 కి.మీ.కి 13 గంటల 30 నిమిషాల టైము ఇస్తారు. ఆగిందీ తిన్నదీ కలుపుకొని సగటున గంటకు 15 కూడా అక్కర్లేదు. కాబట్టి నీకు ముందు కావాల్సింది 14 వాట్లు కాదు, ఆగకుండా తిరిగే చక్రం. రెండూ కలిసొస్తే మంచిదే, అక్కడికే వస్తున్నాను.

మన రోడ్ల సంగతి చెప్పకుండా టైరు చెప్పలేం. ఇంటర్నెట్‌లో రివ్యూలు రాసేవాళ్ళ రోడ్లు వేరు, మనవి వేరు.

హైవే మీద అసలు శత్రువు గాజు పెంకు కాదు, సన్నటి ఉక్కు తీగ. లారీ టైర్లు పేలినప్పుడు లోపలి తీగలు వెంట్రుకంత సన్నగా ముక్కలై రాలతాయి. అవన్నీ గాలికి ఎగిరి అంచు గీత అవతల చేరతాయి, నువ్వు తొక్కేదీ అక్కడే. ఆ తీగ ఒక్కసారిగా గుచ్చుకోదు. రబ్బరులో ఇరుక్కుని, ప్రతి తిప్పుకూ కొంచెం కొంచెం లోపలికి దిగి, ఓ ఇరవై కిలోమీటర్ల తర్వాత గాలి తీస్తుంది. అందుకే ఇంటికొచ్చాక పొద్దున చూస్తే చక్రం చతికిలబడి ఉంటుంది. టైరు లోపల వేలితో తడిమినా దొరకదు. దూది ముక్కతో తుడిచి చూడు, ఎక్కడ పీచు పట్టుకుంటే తీగ అక్కడ ఉంది. పట్టకారుతో లాగు. ఇది చేయకుండా ట్యూబు ఒక్కటే మార్చేసి "ఈ టైరుకు పంచర్లు ఎక్కువ" అని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను.

పల్లెల్లోకి దిగితే పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. నువ్వు పోయే తుమ్మలపెంట ఊరి పేరులోనే తుమ్మ ఉంది, ఇంకేం చెప్పాలి? పల్లేరుకాయ తారు మీద ఉండదు, మట్టి అంచున ఉంటుంది. టీ కొట్టు దగ్గర సైకిల్ దిగి మట్టిలోకి తోసుకుంటూ పోయినప్పుడు గుచ్చుకుంటుంది. ఎత్తుకుని పో, సిగ్గేం లేదు. పొదలకూరు దాటి రాపూరు, సైదాపురం వైపు వెళ్తే పలుగురాయి. ఆ గనుల నుంచి వచ్చే లారీల మీంచి తెల్లటి చిన్న చిన్న ముక్కలు రాలతాయి, బ్లేడు కన్నా పదును. ఒంగోలులో ఉద్యోగం చేసిన రోజుల్లో చీమకుర్తి రోడ్డున గ్రానైట్ చిప్స్‌తో ఇదే బాధ. పలుగురాయీ గ్రానైటూ చిల్లు పెట్టి ఊరుకోవు, టైరును కోస్తాయి. చిల్లుకు ట్యూబు మారిస్తే సరిపోతుంది, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) కోసుకుంటే టైరే పోయినట్టు.

దానికి తోడు మనకి వానలు నవంబరు, డిసెంబరులో. తడి రోడ్డు మీద కోతలు ఎక్కువ పడతాయి, ఎందుకంటే నీళ్ళు రబ్బరుకూ రాయికీ మధ్య నూనెలా పనిచేసి పదును లోపలికి దిగడానికి దారిస్తాయి. నీ బ్రెవె జనవరి ప్రాంతంలో అయితే, ప్రాక్టీసంతా ఈ వానల్లోనే.

ఇక మోడళ్ళు. అన్నీ చెప్పను, నువ్వు అడిగినవీ వాటికి అటూ ఇటూ ఉన్నవీ.

గ్రాండ్ ప్రీ 5000 మంచి టైరా అంటే, చాలా మంచి టైరు. కాంటినెంటల్ వాళ్ళు 2018 చివర్లో తెచ్చారు. ట్యూబుతో వేసే మామూలు రకం 25 మి.మీ.లో 220 గ్రాముల ప్రాంతం, 28లో 240 ప్రాంతం. తడిలో పట్టు బాగుంటుంది, లోపల వెక్ట్రాన్ అనే గట్టి నూలు పట్టీ ఉంది కాబట్టి అంత తేలిక టైరుకి పంచర్లు తక్కువే. పట్టీ నడుమన ఉంటుంది, పక్కలు మాత్రం పలచన. నున్నటి హైవేకీ, చెన్నై బ్రెవెకీ సరైనదే. పలుగురాయి రోడ్డుకి మాత్రం పట్టు చీర కట్టుకుని నాట్లకు దిగినట్టు. నీ ఆరు వేలకి జత రాదు కూడా. షాపాయన అబద్ధం చెప్పలేదు, నీ రోడ్డు అడగలేదంతే.

ఒక జాగ్రత్త. పేరు చివర 'ఎస్ టీఆర్' అని ఉంటే అది ట్యూబ్‌లెస్ రకం, 28లో 280 దాకా ఉంటుంది. ధర కూడా ఎక్కువ. ఆన్‌లైన్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, చూసి కొనాలి. నీ పాత రిమ్ములకి ట్యూబ్‌లెస్ జోలికి పోవద్దు. మన ఎండకి లోపల పోసే, చిల్లులు పూడ్చే సీలెంటు రెండు మూడు నెలలకే గడ్డకట్టి, మళ్ళీ పోయాల్సి వస్తుంది.

గేటర్‌స్కిన్ గ్రాండ్ ప్రీ 5000కి ఎదురు. ఫోల్డింగ్ రకం (అంచులో ఉక్కు తీగ లేనిది, మడత పెట్టొచ్చు) 25లో 250 గ్రాముల ప్రాంతం, వైర్ రకం ఇంకో యాభై పైచిలుకు. చూశావా, బరువులో గ్రాండ్ ప్రీకి పెద్ద దూరం లేదు, దొర్లుడులో మాత్రం చాలా దూరం. పెట్టె మీది గ్రాములు చూసి కొంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. దాని గొప్ప పక్కల్లో ఉంది. సైడ్‌వాల్ మీద కూడా గట్టి నేత ఉంటుంది, రాళ్ళ రోడ్లకు అది బలం. తొక్కితే కొయ్య చక్రంలా ఉంటుంది, తడి రోడ్డు మీద పట్టు తక్కువని వాడినవాళ్ళు చాలామంది అంటారు, నేనూ ఆ మాటతో ఏకీభవిస్తాను. అందుకే దాన్ని ముందు చక్రానికి వేయమని ఎవరికీ చెప్పను. వెనక్కి సరే.

ఆ రెండింటికీ మధ్యది గ్రాండ్ ప్రీ 4-సీజన్. రెండు పొరల వెక్ట్రాన్, పక్కలకీ రక్షణ, తడిలో పట్టు. ధర మాత్రం గ్రాండ్ ప్రీ 5000కి దగ్గర్లోనే ఉంటుంది, అదొక్కటే బాధ.

మారథాన్ ప్లస్ గురించి చెప్పినాయన టూరింగ్ చేసే మనిషై ఉంటాడు. ష్వాల్బే వాళ్ళ ఆ టైరులో 5 మి.మీ. మందాన రబ్బరు పట్టీ ఉంటుంది, పల్లేరుకాయ అందులోనే ఆగిపోతుంది. నిజంగానే పంచరు అరుదు. కానీ 28 మి.మీ. టైరు ఒక్కటే 700 గ్రాములు దాటుతుంది. ముందు నేను బరువు పట్టించుకోవద్దన్నది గుర్తుంది, ఇక్కడ కూడా బాధ బరువు కాదు, ఆ మందపాటి ఒళ్ళు నలగడానికి తినే శక్తి. క్యారియర్ మీద పదిహేను కిలోల సామాను కట్టుకుని ఊళ్ళు తిరిగేవాడికి అది వరం. నీ బైక్‌కి వేస్తే రోడ్ బైక్ కొన్న సరదా పోతుంది.

అల్ట్రా స్పోర్ట్ 3 అని కాంటినెంటల్‌దే ఇంకోటుంది, ధర తక్కువ, ఫోల్డింగ్ 25లో 270 ప్రాంతం. ఆ ధరకి దొర్లుడు చాలా బాగుంటుంది. వెక్ట్రాన్ లాంటి పట్టీ లేదు, కాబట్టి ట్యూబు మార్చడం బాగా వచ్చినవాడికే.

విటోరియా వాళ్ళవి మూడు మెట్లు. జఫీరో వైర్ టైరు అన్నిటికన్నా కింద, బరువు, మొండిది, చాలాకాలం వస్తుంది. నీ బండితో వచ్చినవి కూడా దాదాపు ఆ తరగతివే. జఫీరో ప్రో దాని మీద మెట్టు. రుబీనో ప్రో ఇంకో మెట్టు పైన. సైజును బట్టి 250 నుంచి 290 గ్రాముల మధ్య ఉంటుంది, దొర్లుడు పరవాలేదు, తడిలో పట్టు బాగుంటుంది, అరుగుదల నెమ్మది. ఏ ఒక్క పరీక్షలోనూ ఫస్టు రాదు, ఏ సబ్జెక్టులోనూ ఫెయిల్ కాదు. మన జిల్లాలో రోజూ తొక్కేవాడికి అలాంటి పిల్లాడే కావాలని నా నమ్మకం.

పెట్టెల మీద 'టీపీఐ' అని ఇంకో అంకె ఉంటుంది, అంగుళానికి ఎన్ని నూలు పోగులో చెప్పేది. దాన్ని చూసి కూడా మోసపోవద్దు. గ్రాండ్ ప్రీ మీద 330 అంటే ఒక పొరలో 330 కాదు, ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) కింద 110 చొప్పున మూడు పొరలు. విటోరియా కోర్సా కాటన్ టైరు మీద 320 అంటే ఒకే పొరలో అన్ని పోగులు. లెక్కించే పద్ధతే వేరైనప్పుడు రెంటినీ పోల్చి లాభం లేదు.

నన్ను అడిగితే మోడల్ కన్నా ముందు వెడల్పు తేల్చుకో. 28 పడుతుందా? రేసు తొక్కేవాళ్ళే 23 నుంచి 25కి, అక్కడి నుంచి 28కి వచ్చేశారు. వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టినా రిమ్ము తగలదు, గతుకుల రోడ్డు మీద ఒళ్ళు ఊగిపోదు. ఓ ముప్పై, నలభై గ్రాములు ఎక్కువవుతుంది, ఆ సంగతి ఇందాకే తేల్చేశాం. అయితే పాత రిమ్ బ్రేకు బండ్లలో కొన్నిటికి బ్రేకు కిందా, ఫోర్కు కిందా చోటు ఉండదు. ఇప్పుడున్న 25 టైరుకు నిండుగా గాలి కొట్టి, టైరు పైనా పక్కలా ఎంత ఖాళీ ఉందో చూడు. రెండు పది రూపాయల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెడితే మూడున్నర మి.మీ. మందం వస్తుంది. 28 వేస్తే ఎత్తు సుమారు మూడు మి.మీ. పెరుగుతుంది, పక్కకి ఒకటిన్నర చొప్పున. అంటే టైరు పైన ఇప్పుడు నాలుగు బిళ్ళలైనా దూరితేనే 28 వేశాక రెండు బిళ్ళల ఖాళీ మిగులుతుంది. అంతకన్నా తక్కువైతే చిన్న కంకర ముక్క ఇరుక్కుని చక్రం పట్టేసే ప్రమాదం ఉంది, 25తోనే ఉండు.

ఊళ్ళో మామూలు సైకిల్ కొట్టుకి పోయి "28 టైరు" అంటే పాత అట్లాస్ సైకిల్ 28 అంగుళాల టైరు చేతిలో పెడతారు. దాని రిమ్ము కొలత 635 మి.మీ., మనది 622. 13 మి.మీ. తేడా, కూర్చోదు. టైరు పక్కన 28-622 అని అచ్చు ఉందేమో చూసుకో, మిగతా పేర్లన్నీ గందరగోళం.

డబ్బు లెక్క నేను ధరతో చూడను, కిలోమీటరుకు ఎంత పడిందో చూస్తాను. ఉదాహరణకి 1,200 రూపాయల టైరు వెనక చక్రానికి 4,000 కి.మీ. వచ్చిందనుకో, కిలోమీటరుకు 30 పైసలు. 3,000 రూపాయల టైరు 5,000 వస్తే 60 పైసలు. 5,500 రూపాయలది 4,000కే అరిగిపోతే 1 రూపాయి 37 పైసలు. చవకదానికీ మధ్యదానికీ 100 కి.మీ.కి తేడా 30 రూపాయలు, దారిలో తాగే టీ ఖర్చు. మధ్యదానికీ ఖరీదైనదానికీ తేడా 77 రూపాయలు, టిఫిన్ ఖర్చు. అందుకే చవక టైరు కొని "మిగిల్చాను" అనుకోవడం కూడా నాకు నచ్చదు. ఏడాదికి 5,000 కి.మీ. తొక్కేవాడు మధ్య టైరుకు పెట్టే అదనం 1,500. ఇవి నడుస్తున్న ధరలు కావు, లెక్క చేసే పద్ధతి చూపించడానికి వేసుకున్నవి. నువ్వు కొనే రోజు ధర పెట్టుకుని చేసుకో.

ఇంకో మాట, ముందు చక్రం టైరు వెనకదానికన్నా చాలా నెమ్మదిగా అరుగుతుంది. నీ బరువులో ఎక్కువ భాగం వెనక మీదే, తొక్కే బలమంతా దాని మీదే. వెనకది అరిగితే కొత్తది వెనక వేయకు. ముందున్నది వెనక్కి జరిపి, కొత్తది ముందు వెయ్యి. ముందు చక్రం జారితే మనిషి పడతాడు, వెనకది జారితే చాలాసార్లు నిలదొక్కుకుంటాడు. కాంటినెంటల్ టైర్ల మీద చిన్న గుంటలు ఉంటాయి, అవి కనపడకుండా పోతే టైరు ఆయుష్షు అయిపోయినట్టు. గుంటలు లేని వాటిలో నడుమ చదునుగా పలకబారిందేమో చూడు.

నేనూ పోగొట్టుకున్నానన్నాను కదా, ఆ సంగతి చెప్తాను. కొన్నేళ్ళ కింద ఒక షాపులో మంచి కంపెనీ టైర్ల జత సగం ధరకి ఇస్తామంటే ఎగబడి కొన్నాను. పెట్టె తెరిస్తే తేలిగ్గా ఉంది, కాటా మీద పెడితే రాసిన దానికన్నా పది గ్రాములు తక్కువే. పొంగిపోయాను. నెల తిరక్కుండా పక్కల్లో వెంట్రుక గీతల్లాంటి పగుళ్ళు. తర్వాత అర్థమైంది, అవి అద్దాల షోకేసులో ఎండ తగిలేచోట ఏళ్ళ తరబడి ఉన్న సరుకు. రోహిణి ఎండకి రోళ్ళే పగులుతాయంటారు, రబ్బరు ఒక లెక్కా? కాబట్టి ఆఫర్‌లో కొనేటప్పుడు టైరును చేత్తో మడిచి పక్కలు చూడు, గోరుతో ట్రెడ్ నొక్కు. మెత్తగా దిగి మళ్ళీ లేవాలి. గోరు జారిపోతే డబ్బులు జేబులోనే ఉంచుకో. పెట్టె మీది బరువుకి పది, పదిహేను గ్రాములు అటూ ఇటూ ఉండటం మామూలే, దాని గురించి గొడవ పడకు.

బరువు తగ్గించాలన్న కోరిక ఇంకా తీరకపోతే ట్యూబులో తగ్గించు. మామూలు బ్యూటైల్ రబ్బరు ట్యూబు 100 గ్రాముల పైన ఉంటుంది. టీపీయూ అనే పలచటి ప్లాస్టిక్ ట్యూబులు 25 నుంచి 40 గ్రాములే. టైర్లు మార్చి తగ్గించే బరువులో సగానికి పైగా ట్యూబుల్లోనే, అంతకన్నా చాలా తక్కువ ఖర్చుతో తగ్గిపోతుంది. దొర్లుడు కూడా కాస్త బాగుపడుతుంది. కానీ దాని ప్యాచ్ వేరు, మన సొల్యూషన్ ప్యాచ్ అంటదు. కొన్ని రకాలు రిమ్ బ్రేకు వేడికి పనికిరావు, పెట్టె మీద చూసుకో. పంచరు షాపులో హీట్ ప్యాచ్ వేయిస్తే కరిగి చేతికొస్తుంది. నేనైతే చక్రాల్లో బ్యూటైల్ వేసి, సీటు కింద సంచిలో టీపీయూ ఒకటి ఉంచుకుంటాను, అగ్గిపెట్టెంత చోటు పడుతుంది. లేటెక్స్ ట్యూబులు బాగా దొర్లుతాయి గానీ రాత్రి కొట్టిన గాలి పొద్దునకి దిగిపోతుంది, రోజూ గాలి కొట్టే ఓపిక నాకు లేదు.

గాలి విషయం. టైరు పక్కన రాసిన ప్రెషరు గరిష్ఠ హద్దు, అంత కొట్టమని కాదు. నీ బరువుకి 28 అయితే వెనక 80, ముందు 72 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టు. 25 అయితే వెనక 95, ముందు 87. గతుకులు ఎక్కువనిపిస్తే మూడు నాలుగు చొప్పున తగ్గించుకుంటూ పో. పాము కాటులా పక్కపక్కనే రెండు చిల్లులు పడ్డాయంటే మరీ తగ్గించావని అర్థం. పొద్దున అయిదింటికి 26 డిగ్రీల్లో 80 కొట్టి బయల్దేరావనుకో, మధ్యాహ్నం లోపలి గాలి 55 డిగ్రీలకు చేరితే అది 89 దాకా పెరుగుతుంది. తొక్కేటప్పుడు ఫరవాలేదు. హద్దు దాకా కొట్టిన చక్రాన్ని తలుపులు మూసిన కారులో ఎండలో వదిలేయకు. గేజీ ఉన్న ఫ్లోర్ పంపు లేకపోతే టైర్ల కన్నా ముందు అది కొను. లారీ పంచరు షాపు కంప్రెసరుతో కొట్టించుకోవద్దు. ఓసారి కోవూరు దగ్గర అర్జెంటని కొట్టించుకుంటే రెండు సెకన్లలో ట్యూబు టపాకాయలా పేలింది. ఆ కుర్రాడి తప్పేం లేదు, వాడి చేతికి లారీ చక్రాలే అలవాటు. మామూలు సైకిల్ పంపుతో కొట్టాలన్నా మన సన్న ప్రెస్టా వాల్వుకి ఇత్తడి అడాప్టరు కావాలి, అది ఎప్పుడూ సంచిలో పడేసుకో.

రోజూ ఇంటికొచ్చాక రెండు నిమిషాలు పాత గుడ్డతో టైరు తుడిచి, ఇరుక్కున్న పలుగురాయి ముక్కల్ని పిన్నీసుతో తీసెయ్. సగం పంచర్లు అక్కడే ఆగిపోతాయి. పంచరు కిట్టులో ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి పెట్టుకో. టైరు కోసుకుపోయినప్పుడు లోపల అడ్డం పెడితే ఇంటికి చేరుస్తుంది.

ఇక నీ ఆరు వేలు. 28 పడితే ముందూ వెనకా రుబీనో ప్రో 28 వెయ్యి, ఆఫర్ చూసుకుంటే అంతలో దగ్గర దగ్గర సర్దుకుంటుంది. సర్దుకోకపోతే ముందుకి రుబీనో ప్రో, వెనక్కి జఫీరో ప్రో. రాపూరు వైపు ఎక్కువ తిరుగుతానంటే వెనక్కి గేటర్‌స్కిన్. తీసేసిన పాత వైర్ టైర్లలో బాగున్నదాన్ని పారేయకు, ఇంట్లో ట్రైనరు (సైకిల్‌ని కదలకుండా నిలబెట్టే స్టాండు) మీద తొక్కేటప్పుడు పనికొస్తుంది. వచ్చే ఏడాది 300, 400 బ్రెవెలకు దిగినప్పుడు గ్రాండ్ ప్రీ జత గురించి మళ్ళీ మాట్లాడుకుందాం.

బ్రెవెకి ముందు రాత్రి మాత్రం కొత్త టైర్లు వేసుకోవద్దు. కనీసం రెండు, మూడు వందల కిలోమీటర్ల ముందే వేసి, నెల్లూరు దాకా రెండుసార్లు పోయిరా. కొత్త ఫోల్డింగ్ టైరు మొదటిసారి రిమ్ములోకి ఎక్కించడం కష్టం, వేళ్ళు నొప్పెడతాయి. ఆ కష్టం ఇంట్లో ఫ్యాను కింద పడు, నాయుడుపేట దగ్గర రోడ్డు పక్కన కాదు. ముందు ఆ బిళ్ళలు పెట్టి ఖాళీ ఎంతుందో చూసి చెప్పు. 28 పట్టదంటే 25లో ఏది తీసుకోవాలో అప్పుడు చూద్దాం.